సెకనుకు యాభై బొమ్మలు

మీట నొక్కిన క్షణం నుంచి తెర మీది బొమ్మ ఎగిరే క్షణం వరకు పాత పిక్చర్ ట్యూబు టీవీకి పట్టే కాలం సెకనులో సుమారు ముప్పయ్యో వంతు. ఇప్పటి గోడ టీవీకి ఏడో వంతు. జాయ్‌స్టిక్ తీగ పొడవు నాలుగడుగుల రెండంగుళాలు. ఆకివీడు నుంచి కైకలూరు మీదుగా ఏలూరులోని మా ఇంటి గేటుకు, డేవిడ్ రాజు గారి కారు మీటరు ప్రకారం, నలభై ఏడు కిలోమీటర్లు. ఆయన ఉదయం పది గంటల పది నిమిషాలకు ఒక థర్మోకోల్ చేపల పెట్టెతో దిగారు. పెట్టె మూత తీసిన తరువాత నేను వరుసగా మూడుసార్లు తుమ్మాను.

ఆ పెట్టెలో ముప్పయ్యేళ్ళ నాటి వీడియో గేమ్ ఉంది. దాని మీద ఆయన కూతురి జీవితంలో ఒక సంవత్సరం ఆధారపడి ఉంది. ఆ రెండో సంగతి అప్పటికి నాకు తెలియదు.

నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, ఏలూరులో టీవీలూ వీడియో గేములూ బాగుచేసి, ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. విశ్రాంతి అంటే అదే పనిని షాపు బోర్డు లేకుండా ఇంట్లో చేయడం. పాత గేముల మరమ్మతు ఈ మధ్య గౌరవనీయమైన వృత్తి అయిందని వింటున్నాను. కుర్రవాళ్ళు మైక్రోస్కోపులు కొని, ముందు వీడియో కెమెరా అమర్చుకుని, తరువాత స్క్రూ విప్పుతున్నారు. వారి కోసం ఇది రాస్తున్నాను. సోల్డరింగు ఎలా చేయాలో ఇందులో ఉండదు. అది వారికి నాకంటే బాగా వచ్చునని వారి వీడియోలే చెబుతున్నాయి. మనుషులు ఏమి తెస్తారో, తెచ్చినదానితో సంబంధం లేకుండా ఏమి అడుగుతారో, అది రాస్తాను.

కళ్ళకు మంచి నలుపు తెలుపు

నా మొదటి యజమాని ఖాదర్ గారు. ఎలక్ట్రానిక్స్ ఆయనకు తెలియదు. ఎలక్ట్రానిక్స్ కొనేవాళ్ళు తెలుసు. ఒక వేసవి సెలవులకు ముందు ఆయన మద్రాసు నుంచి రెండు లాట్ల వీడియో గేములు తెప్పించారు. పైకి రెండూ ఒకటే: అదే తెల్లటి డబ్బా, అవే ఎర్ర మీటలు. ఒక లాటు మన దేశపు టీవీలకు తగినట్టు చేసినది. రెండో లాటు జపాను టీవీలకు చేసినది. రెండోదాన్ని మన టీవీకి తగిలిస్తే బొమ్మ వచ్చేది కాని రంగు వచ్చేది కాదు.

"ఏవండీ ఖాదర్ గారూ, రంగులు రావట్లేదేంటండీ?" అని ఒక స్కూలు హెడ్మాస్టరు డబ్బా వెనక్కి తెచ్చారు.

"రంగులు పిల్లల కళ్ళకి మంచివి కాదండీ. ఇది కళ్ళ కోసం ప్రత్యేకం చేసిన సరుకండీ."

"మరి దీని రేటు తక్కువెందుకుందండీ?"

"అయ్యో, పిల్లల కళ్ళ దగ్గర కూడా లాభం చూసుకుంటానేంటండీ!"

హెడ్మాస్టరు గారు తృప్తిగా తీసుకుపోయారు. ఆ లాటు మొదటి లాటు కంటే ముందే అయిపోయింది.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం శ్రద్ధగా వినాలి, ఎందుకంటే తరువాతి కథంతా దీని మీదే నిలబడుతుంది. జపాను టీవీ సెకనుకు అరవై బొమ్మలు వేస్తుంది, మనది యాభై. కేసెట్టులోని ఆట అరవై బొమ్మల లెక్కకు రాసినది. దాన్ని మన టీవీకి తగిన యంత్రంలో పెడితే ఆటలో ప్రతిదీ, శత్రువూ, తూటా, వెనకాల మోగే పాటా, అసలు వేగంలో ఆరింట అయిదు వంతులతో నడుస్తుంది. నిమిషంలో మీద పడవలసిన ప్రమాదం డెబ్బై రెండు సెకన్లకు పడుతుంది. రంగు రాని లాటు మాత్రం అసలు వేగంతో నడిచేది.

ఫలితంగా ఏలూరులో రంగు వచ్చే గేము సెట్టున్న పిల్లలు వీరులయ్యారు. నలుపు తెలుపు సెట్టున్న పిల్లలు చేతకానివాళ్ళయ్యారు. అసలు ఆటను ఆడింది ఆ చేతకానివాళ్ళే. ఈ సంగతి ఖాదర్ గారికి చెప్పాను.

"ఎవరైనా అడిగారాండీ?" అన్నారు.

"లేదండీ."

"అడగని దానికి జవాబు చెబితే ఆ జవాబుకి కూడా గ్యారంటీ ఇవ్వాల్సొస్తుందండీ."

నా ఉద్యోగ జీవితంలో విన్న అత్యుత్తమ సాంకేతిక సలహా ఇది. డిప్లొమా మూడేళ్ళలో దీని దరిదాపులకు వచ్చింది ఏదీ లేదు.

మళ్ళీ ఆడాలనే జబ్బు

ఇప్పుడు నా దగ్గరకు వచ్చేవారంతా నలభై దాటినవారు. చిన్నప్పుడు ఆడిన ఆట మళ్ళీ ఆడాలని వారికి హఠాత్తుగా అనిపిస్తుంది. సాధారణంగా ఇది బీపీ మాత్రలు మొదలుపెట్టిన ఏడాదే జరుగుతుంది. యంత్రం బాగుచేయగలను. వచ్చిన చిక్కంతా ఆ యంత్రం నిజంగానే పనిచేయడంతో మొదలవుతుంది.

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల హోల్‌సేలు చేసే ఒకాయన బాతులను కాల్చే ఆట, దాని ప్లాస్టిక్ తుపాకీ తెచ్చారు.

"ఏవండీ, ఒక్క బాతు కూడా పడట్లేదండీ. తుపాకీ పాడైందంటారా, నా చెయ్యి పాడైందంటారా?"

"రెండూ బాగున్నాయండీ. మీ టీవీ కొత్తది, అదే ఇబ్బంది."

ఆ తుపాకీ దేన్నీ కాల్చదు, చూస్తుంది. మీట నొక్కగానే పిక్చర్ ట్యూబు మీద బాతు ఉన్నచోట తెల్లగా మెరిసే చుక్కను దాని గొట్టంలోని కన్ను వెతుక్కుంటుంది. గోడ టీవీ మీద ఆ మెరుపు ఆలస్యంగా వస్తుంది. అప్పటికి తుపాకీ విసిగి కన్ను మూసుకుంటుంది. కొల్లేటి మీద బాతును కాల్చడం నేరం. గోడ టీవీ మీద కాల్చడం అసాధ్యం. మన ప్రాంతంలో బాతులు ఇంత క్షేమంగా ఎన్నడూ లేవు. ఆయనకు ఇదంతా వివరిస్తే, "అయితే ముప్పై ఏళ్ళ కిందటి టీవీ కొనాలంటారు, కొత్త టీవీ వల్ల వచ్చిన నష్టానికి," అని తేల్చి, తుపాకీని మనవడికి ఇచ్చేశారు. మనవడు దానితో కోడిని కొట్టాడట.

ఇక ఆటల కష్టం. ఆ కేసెట్టులో పట్టే ఆట, చచ్చిపోకుండా ఆడితే, అరగంటలో అయిపోతుంది. అరగంట వినోదానికి ఎవరూ అంత డబ్బు పెట్టరు. కనుక తయారుచేసినవారు మనిషిని ప్రతి పది అడుగులకు ఒకసారి చంపే ఏర్పాటు చేశారు. మూడు లైఫులు, అవి అయిపోతే మళ్ళీ మొదటి నుంచి. మధ్యలో ఆపి దాచుకునే వీలు లేదు. పదకొండేళ్ళ పిల్లవాడికి వేసవి సెలవులు ఉంటాయి కనుక దీన్ని సవాలు అన్నాడు. నలభై అయిదేళ్ళ మనిషికి జీఎస్టీ రిటర్నులు ఉంటాయి కనుక దీన్ని యంత్రదోషం అంటాడు.

అన్నిటికంటే వింతైనది ముగింపు జ్ఞాపకం. మా షాపులో అమ్మిన కేసెట్టుల్లో అందరికీ ఇష్టమైనది సొరంగాల ఆట. తలకు దీపం కట్టుకున్న ఒక పొట్టి మనిషి ఎనిమిది సొరంగాలు దాటాలి. దాటితే బాణసంచా పేలుతుందని ఒకరు, రాజుగారు కిరీటం పెడతారని ఒకరు, పెళ్ళవుతుందని ఒకరు నాతో ప్రమాణం చేసి చెప్పారు. కేసెట్టును విప్పి, చిప్పులోని ప్రోగ్రామును చదివి చూసినవాణ్ణి నేను. ముగింపు దృశ్యాన్ని ఎవరో కోసేసి, ఆ ఖాళీలో వేరే మూడు ఆటలు ఇరికించారు. ఎనిమిదో సొరంగం తరువాత వచ్చేది మొదటి సొరంగమే, శత్రువులు మరికాస్త వేగంగా. అంతే. కేసెట్టు పైన తొమ్మిది లక్షల తొంభై తొమ్మిది వేల ఆటలని అచ్చువేసి ఉండేది. లోపల ఉన్నవి ఇరవై ఒకటి. అటువంటి సంస్థ నుంచి బాణసంచా ఆశించడం అత్యాశ.

చెరువు సున్నం

ఇప్పుడు డేవిడ్ రాజు గారి పెట్టె దగ్గరికి వద్దాం. ఆయన ఆకివీడు దగ్గర చేపల చెరువులు చేస్తారు. మూత తీస్తే యంత్రం కనబడలేదు. తెల్లటి పొడి కనబడింది.

"ఇదేంటండీ, సున్నమా?"

"అవునండీ ఇంజనీరు గారూ. చెరువుకేసేదే. తేమ లాగేస్తుందని పెట్టానండీ. ఏడాదికోసారి మారుస్తున్నాను, మర్చిపోకుండా."

ఎవరూ నాకు ఇవ్వని ఇంజనీరు హోదాను ఆయన ఇచ్చారు కనుక గొంతు పెంచలేకపోయాను. "కేసెట్టు లోపల కూడా పోశారాండీ?"

"లోపల తేముండదేంటండీ మరి? చెరువుకి ఏ తెగులొచ్చినా సున్నమే కదండీ. చేపకి పనికొచ్చింది కేసెట్టుకి పనికిరాదా?"

ఇందులో సగం శాస్త్రం ఉంది. పొడి సున్నం తేమను నిజంగానే పీల్చుకుంటుంది. పీల్చుకున్న తరువాత ఏమి చేస్తుందన్నది మిగతా సగం. అల్యూమినియాన్ని తింటుంది. వోల్టేజీ రెగ్యులేటరుకు వేడి పోవడానికి బిగించిన రేకును తినేసింది. కెపాసిటర్ల డబ్బాలను జల్లెడ చేసింది. కేసెట్టు పళ్ళ మీద, అంటే యంత్రంలోకి దిగే లోహపు పట్టీల మీద, రాయిలా గట్టిపడింది. కొల్లేటి గట్టున అజాగ్రత్తగా పడేసిన యంత్రాలు తుప్పుతో చావడం నేను చూశాను. ఏడాదికోసారి చూపిన శ్రద్ధతో చచ్చినది ఇదొక్కటే.

"ఇది బతకాలండీ," అన్నారాయన. "మామూలుగా కాదు. పది రోజుల్లో బతకాలి."

అప్పుడు చెప్పారు. కూతురు కెజియా ఇంటర్ పూర్తిచేసి మెడికల్ ఎంట్రన్సు ఒకసారి రాసింది. సీటు వచ్చే ర్యాంకు రాలేదు. ఆయన ఆమెను మరో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగుకు హాస్టల్లో చేర్చాలని అడ్వాన్సు కూడా కట్టేశారు. ఆమె వెళ్ళనంటోంది. ఫిషరీస్ డిగ్రీ చదువుతానంటోంది.

"నా ఒంటికి పట్టిన వాసన చాలదాండీ, దానిక్కూడా పట్టాలా? ఓపిక లేదండీ ఈ కాలం పిల్లలకి. నేను మూడు లైఫుల మీద ఎనిమిది సొరంగాలూ దాటినవాణ్ణి. చచ్చిన ప్రతిసారీ మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టాను. అదే చెప్పాను దానికి."

"ఎన్నిసార్లు చెప్పారండీ?"

"రోజూ చెబుతానండీ."

రోజూ విన్న పిల్ల ఒకరోజు అదే ఆటను ఫోనులో ఎక్కించి ఆయన చేతికిచ్చిందట, ఆడి చూపించు నాన్నా అని. రెండు వారాలు ఆడినా ఆయన రెండో సొరంగం దాటలేదు. తప్పు ఫోనుదన్నారు. ఒరిజినల్ మెషీను మీద చూపిస్తానన్నారు. పందెం కుదిరింది. మూడు లైఫుల మీద ఎనిమిది సొరంగాలు దాటితే ఆమె నోరెత్తకుండా హాస్టలుకు వెళుతుంది. దాటకపోతే ఫిషరీసు. పందెం మా ఇంట్లో, నా పిక్చర్ ట్యూబు టీవీ మీద, నా ఎదురుగా.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవారు ఒకటి గమనించాలి. ముప్పయ్యేళ్ళ నాటి ప్లాస్టిక్ డబ్బాను నలభై ఏడు కిలోమీటర్లు మోసుకొచ్చే మనిషి ఆ డబ్బా కోసం రాడు. ఎవరితోనో నడుస్తున్న వాదనకు సాక్ష్యం కావాలి, అందుకు వస్తాడు. సాక్ష్యాన్ని బాగుచేయడమే మన పని. తీర్పుకు మన దగ్గర విడిభాగాలు లేవు.

క్రిస్టల్

నీళ్ళు కలిపిన వెనిగరుతో సున్నపు పెచ్చులు కరిగించాను. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరుతో కడిగి, స్పిరిటుతో తుడిచి, ఎండకు కాక నీడకు ఆరబెట్టాను. కెపాసిటర్లు, రెగ్యులేటరు మార్చాను. కేసెట్టు దిగే కనెక్టరు బాగుపడేది కాదు; ఇంకో చచ్చిన యంత్రం నుంచి తీసి వేశాను. అసలు చిప్పు మీద తయారీదారుడు పిసినారితనంతో పోసిన నల్లటి జిగురు బిళ్ళ ఉంది. సున్నం దాన్ని దాటలేకపోయింది. ఆ పరిశ్రమ పొరపాటున చేసిన మేలు అదొక్కటే.

యంత్రం ఎంత వేగంతో నడవాలో తాళం వేసే క్రిస్టల్‌ను బోర్డు మీద చూశాను. ఇరవై ఆరు పాయింటు ఆరు మెగాహెర్ట్జ్. మన టీవీల లాటు. రంగు సెట్టు. ఆయనకు ఫోను చేశాను.

"రాజు గారూ, ఫోనులో మీరాడింది అసలు వేగమండీ. మీ మెషీను అందులో ఆరింట అయిదు వంతులే నడుస్తుంది. చిన్నప్పట్నుంచీ అంతే."

అటువైపు చెరువు నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్ల చప్పుడు వినబడుతోంది. చెరువు గట్టున ఉన్నారన్నమాట.

"అంటే," అన్నారు మెల్లగా, "నేను ముసలోణ్ణయిపోలేదన్నమాట!"

నేను ఊహించిన జవాబు ఇది కాదు. అప్పటి ఘనతలో ఆరో వంతు పోయిందని నేను చెబుతుంటే, ఇప్పటి వయసులో ఆరో వంతు తగ్గిందని ఆయన విన్నారు.

"ఇంజనీరు గారూ, ఈ సంగతి అమ్మాయికి చెప్పకండేం."

"తను అడిగితేనండీ?"

"అడగదండీ. దానికేం తెలుస్తుంది?"

ఖాదర్ గారి నియమం అక్కడికి సరిగ్గా సరిపోయింది. అడగని దానికి జవాబు చెప్పనక్కరలేదు. సరేనన్నాను.

ఎనిమిది సొరంగాలు

శనివారం ఉదయం వచ్చారు. కెజియా సన్నటి పిల్ల, చేతిలో చిన్న బ్యాగు. పందెం పోతే అటునుంచి అటే హాస్టలుకు పోవడానికి బట్టలు సర్దుకుని వచ్చిందట. ఓడిపోవడానికి ఇంత పద్ధతిగా తయారైన మనిషిని షాపు రోజుల్లో కూడా నేనెన్నడూ చూడలేదు.

"నమస్తే అంకుల్. మీ టీవీ చాలా లావుగా ఉందండీ."

"దాని లోపల పనుందమ్మా. ఇప్పటివాటికి లేదు."

డేవిడ్ రాజు గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. కేసెట్టు తీసి, దాని నోట్లోకి గట్టిగా ఊదారు.

"ఊదకండి," అన్నాను. "ఉమ్ము తడికి పళ్ళు తుప్పు పడతాయి."

"ఊదకపోతే ఎలా వస్తుందండీ?"

ముప్పయ్యేళ్ళుగా ఈ ప్రశ్నకు జవాబు చెబుతున్నాను. ఊదడం వల్ల రాదు, తీసి మళ్ళీ పెట్టడం వల్ల వస్తుంది. ఇప్పటికీ ఒక్కరిని కూడా ఒప్పించలేకపోయాను.

ఆట మొదలైంది. మొదటి రెండు సొరంగాలు ఆయన తన పెరట్లో నడిచినట్టు దాటేశారు. రెండు వారాల పాటు ఫోనులో ఆయన్ను ఏడిపించిన గబ్బిలాలు ఇక్కడ వచ్చేసరికి ఆయన బొటనవేలు ముందే సిద్ధంగా ఉంది. కెజియా పక్కనే కూర్చుని ఆట పాటకు కాలితో తాళం వేస్తోంది. కొద్దిసేపటికి ఆపేసింది. టీవీని వదిలి నా వైపు ఒకసారి చూసింది. నేను ఫ్యాన్ వైపు చూశాను.

మూడో సొరంగంలో ఒక లైఫు పోయింది.

"నాన్నా, ఎడమ నుంచి రాయి పడుద్దని రెండో సొరంగంలోనే చూశాం కదా!"

"నువ్వు మాట్టాడకే. చెయ్యి వణుకుద్ది."

"చెయ్యి నా వల్ల వణకట్లేదు నాన్నా, కాఫీ వల్ల."

ఆరో సొరంగంలో రెండోది పోయింది. ఎనిమిదో సొరంగంలోకి ఒక్క లైఫుతో వెళ్ళారు. కెజియా బ్యాగు పట్టీని చేతికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. చివరి అంచు మీద నుంచి దూకవలసినచోట ఆయన ఆగారు. ఒక ఊపిరి పీల్చుకుని దూకారు. దాటారు. నేను కూడా కుర్చీలోంచి లేచానని తరువాత తెలిసింది.

తెర నల్లబడింది. ఆయన రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డారు. మళ్ళీ వెలుగు వచ్చింది. మొదటి సొరంగం.

"బాణసంచా ఏదండీ?"

"లేదండీ. ఎప్పుడూ లేదు."

"నేను చూశానండీ! ఎరుపూ ఆకుపచ్చా!"

"అందరూ చూశారండీ."

కెజియా నా వైపు తిరిగింది. "అంకుల్, ఒకటి అడగొచ్చాండీ? ఇది నెమ్మదిగా నడుస్తోంది కదండీ?"

డేవిడ్ రాజు గారు నన్ను, చేపల లారీ డ్రైవరు చెక్‌పోస్టును చూసినట్టు చూశారు. కాని ఆమె అడిగింది. అడిగినదానికి జవాబు ఉంది, దానికి గ్యారంటీ కూడా ఉంది. యాభై, అరవై, ఆరింట అయిదు వంతులు, అంతా చెప్పాను.

"నీకెప్పుడు తెలిసిందమ్మా?" అని అడిగాను.

"మొదటి సొరంగం పాటలోనేనండీ. ఫోన్లో ఆ పాట వెయ్యిసార్లు విన్నాను కదా, నాన్న చస్తుంటే. ఇక్కడ సాగుతోంది."

"మరి అప్పుడే ఆపలేదేం?"

"నాన్న బాగా ఆడుతున్నాడు కదండీ."

ఆయన ఎత్తిన చేతులు దించారు. "స్పీడు సంగతి పందెంలో లేదు. మెషీను ఒరిజినలా కాదా, అంతే."

"ఒరిజినలే నాన్నా. నువ్వే గెలిచావు," అని ఆమె లేచి బ్యాగు భుజానికి తగిలించుకుంది. మొహంలో కోపం లేదు. అలా లేకపోవడం ఆయనకు ఇబ్బంది కలిగించినట్టుంది. ఎటు చూడాలో తెలియక తెర వైపు చూశారు. అక్కడ వేగం పెరిగిన గబ్బిలం ఒకటి వచ్చి, దీపం కట్టుకున్న పొట్టి మనిషిని ఎగరేసుకుపోయింది. ఆఖరి లైఫు. ఆట ముగిసింది.

"మళ్ళీ ఆడు నాన్నా," అంది కెజియా, జాయ్‌స్టిక్ ఆయన చేతికిస్తూ. "హాస్టలుకెళ్ళే బస్సుకి ఇంకా టైముంది."

"మళ్ళీ మొదట్నుంచా? ఎవడాడతాడే!"

ఆయన అన్న మాట ఆయనకే వినబడటానికి పిక్చర్ ట్యూబు టీవీ మీద పట్టేంత కాలం సరిపోలేదు. గోడ టీవీ మీద పట్టేదానికంటే చాలా ఎక్కువే పట్టింది. తరువాత జాయ్‌స్టిక్ తీగను నెమ్మదిగా చుట్ట చుట్టి, టీవీ మీద పెట్టారు.

"ఆ చేపల కోర్సుకి ఆఖరి తేదీ ఎప్పుడే?"

"శుక్రవారం నాన్నా."

"మరి ఇక్కడే నిలబడ్డావేం? పద."

గేటు దాకా వెళ్ళి ఆయన వెనక్కి వచ్చారు. పెట్టెలో మళ్ళీ సున్నం వేయవచ్చా అని అడిగారు. వద్దని చెప్పాను. వేస్తారని నాకు తెలుసు.

లెక్క

వాడినవి: కెపాసిటర్లు పదకొండు, రెగ్యులేటరు ఒకటి, ఇంకో యంత్రం నుంచి తీసిన కనెక్టరు ఒకటి, వెనిగరు అర సీసా, స్పిరిటు కొద్దిగా.

కూలి: ఒక పెట్టె కొరమేను, ఐసులో, సున్నం లేకుండా.

పోయినవి: నా పిక్చర్ ట్యూబు టీవీ, పందెం జరిగిన నెలలోనే, లైను ట్రాన్స్‌ఫార్మరు కాలి, దానికి భాగం దొరకదు. కోచింగు హాస్టలుకు కట్టిన అడ్వాన్సు. వాళ్ళు తిరిగి ఇవ్వలేదు. రోజూ చెప్పే ఉపన్యాసం ఒకటి. లైఫులు మూడు. ఎరుపూ ఆకుపచ్చా బాణసంచా.